నూనె డబ్బా వెనకాల అడవి

శుక్రవారం వచ్చిందంటే చాలు... సల్మాబాద్, సిత్రా, అస్కర్ క్యాంపుల్లో కిచెన్లు ఘుమఘుమలాడిపోతుంటాయి. వారమంతా పప్పూ ఖుబ్బూస్‌లతో నెట్టుకొచ్చిన మనవాళ్ళు ఆ ఒక్క పూటా కోడికూర వండుకోవాల్సిందే. ఒకరు కోల్డ్ స్టోర్‌కెళ్ళి గడ్డకట్టిన కోళ్ళు పట్టుకొస్తారు. ఇంకొకరు ఉల్లిగడ్డలు కోస్తారు. మరొకరు నూనె డబ్బా వంచి గిన్నెలో పోస్తారు. ఆ కోడి ఏ దేశంలో పెరిగింది, ఏం తిని పెరిగింది, ఆ నూనె ఏ తోటలో పుట్టింది అని అడిగేవాళ్ళెవరూ ఉండరు. ఆకలి మీదున్నవాడికి కోడి అడ్రసుతో పనేముంది చెప్పండి!

అయితే ఆ అడ్రసు అడగడమే పనిగా పెట్టుకున్నవాళ్ళు కొందరున్నారు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా పనిచేసే ‘గ్లోబల్ కానపీ’ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళలో ఒకటి. ఉష్ణమండల దేశాల్లో అడవులు ఎందుకు కూలిపోతున్నాయి, ఆ నేలలో పండిన సరుకు ఎవరు కొంటున్నారు, దానికి పెట్టుబడి ఏ బ్యాంకు పెడుతోంది... ఈ మూడు ప్రశ్నలే వాళ్ళ పని. ఎక్కడో అమెజాన్ అడవుల గొడవ ఎడారిలో బతుకుతున్న మనకెందుకు అని పేజీ తిప్పేయకండి. ఈ కథలో మన మెస్ బిల్లు ఉంది, మన ఊరి పామాయిల్ తోట ఉంది. ఏజెంటు ఫీజు సంగతి కూడా ఉంది.

కొమ్మల మీద నుంచి బ్యాంకుల దాకా

కానపీ అంటే అడవిలో పెద్ద చెట్ల తలలన్నీ కలిసి గొడుగులా అల్లుకునే పైభాగం. ఆండ్రూ మిచెల్ అనే జంతుశాస్త్రవేత్త ఆ గొడుగులో బతికే జీవాల మీద పరిశోధనలు చేసిన మనిషి. 2001లో ఆయనే ఈ సంస్థను స్థాపించారు. కింద నరికేవాళ్ళను ఆపడానికి లోకమంతా తిప్పలు పడుతుంటే, నరికించే డబ్బు పైనుంచి వస్తోందన్న సంగతి పట్టుకుని ఆ వైపు నడిచింది ఈ సంస్థ.

2014లో వీళ్ళు ‘ఫారెస్ట్ 500’ అనే జాబితా మొదలుపెట్టారు. పామాయిల్, సోయా, గొడ్డుమాంసం, తోలు, కలప, కాగితం... అడవుల నరికివేతకు ఎక్కువగా కారణమయ్యే ఇలాంటి సరుకులతో వ్యాపారం చేసే పెద్ద కంపెనీలనూ, వాటికి డబ్బు సమకూర్చే బ్యాంకులు, పెట్టుబడి సంస్థలనూ ఏరి కూర్చారు. అడవి నరికిన నేల నుంచి వచ్చే సరుకు కొనబోమని రాతపూర్వకంగా చెప్పారా? చెప్పిన మాట నిలబెట్టుకున్నారా? అక్కడి ఊళ్ళవాళ్ళ భూమి హక్కుల సంగతి, కూలీల హక్కుల సంగతి పట్టించుకుంటున్నారా? ఇవన్నీ చూసి మార్కులు వేస్తారు. పిల్లల ప్రోగ్రెస్ రిపోర్టులాగా అన్నమాట. కాకపోతే ఇది తండ్రి సంతకంతో ఇంట్లో దాచుకునేది కాదు, లోకమంతా చూసేది.

2023లో వాళ్ళు ఇచ్చిన రిపోర్టు చూస్తే, ఆ 500 సంస్థల్లో 201 అడవుల నరికివేత గురించి ఒక్క విధానం కూడా రాసుకోలేదు. అంటే మాట తప్పడం కూడా కాదు, అసలు మాటే ఇవ్వలేదు!

ఈలోగా నష్టం ఆగిందా అంటే లేదు. ఒక్క 2024లోనే ఉష్ణమండలంలో 67 లక్షల హెక్టార్ల ఆదిమ అడవి పోయిందని ఉపగ్రహ చిత్రాల లెక్క. అందులో దాదాపు సగం మంటలకు ఆహుతైంది. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే, మొత్తం బహ్రెయిన్‌లాంటి దేశాలు ఎనభైకి పైగా పట్టేంత అడవి ఒక్క సంవత్సరంలో మాయం. తెలంగాణ రాష్ట్రంలో సగం కంటే ఎక్కువ!

మనకు తెలిసిన కథే

నరికేవాడు ఒకడు, లాభపడేవాడు ఇంకొకడు అనే సంగతి తెలుగువాళ్ళకు వేరే ఎవరో చెప్పక్కర్లేదు. శేషాచలం కొండల్లో ఎర్రచందనం చూడండి. ఆ కొండలు, వాటి చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు అది. 2015 ఏప్రిల్ 7న ఆ అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. ఎక్కువమంది తమిళనాడు నుంచి కూలికి వచ్చినవాళ్ళే. అది ఎన్‌కౌంటరా కాదా అన్న వాదన పెద్దదే, దాన్ని ఇక్కడ ఎత్తుకోవడం లేదు. మేం చెప్పదలచుకుంది ఒక్కటే. దుంగ మోసినవాడు కొండల్లో పడిపోయాడు. ఆ దుంగను దేశాలు దాటించి కొన్నవాడి పేరు మనలో ఎంతమందికి తెలుసు?

ఉష్ణమండల అడవుల్లో జరిగేదీ ఇదే. పైగా అక్కడ చాలా చోట్ల చెట్టు కోసం కాదు, చెట్టు కింది నేల కోసం నరుకుతారు. 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఉష్ణమండలంలో అడవుల నరికివేతకు నూటికి 90 పాళ్ళకు పైగా వ్యవసాయమే కారణం. పశువుల మేతకు, సోయాకు, పామాయిల్‌కు... విచిత్రం ఏమిటంటే అలా నరికిన నేలలో మూడో వంతు నుంచి సగం దాకా సరైన సాగులోకే రాలేదట. అడవీ పోయింది, పంటా లేదు.

పామ్ అంటే ఖర్జూరం కాదు

క్యాంపుల్లో వాడే డబ్బా నూనెలో ఎక్కువ భాగం పామాయిలే. కొన్ని డబ్బాల మీద ‘వెజిటబుల్ ఆయిల్’ అని మాత్రమే పెద్దక్షరాలతో ఉంటుంది. వెనక్కి తిప్పి చూస్తే అరబ్బీలో ‘జైత్ అల్ నఖీల్’ అని కనబడుతుంది. నఖీల్ అంటే ఇక్కడివాళ్ళకు ఖర్జూరం చెట్టు కూడా. అందుకే బహ్రెయిన్ ఖర్జూర తోటల్లోంచే ఈ నూనె తీస్తారనుకునే కొత్తవాళ్ళు ఉంటారు. అదేం కాదు. ప్రపంచంలో తయారయ్యే పామాయిల్‌లో నూటికి ఎనభై పాళ్ళకు పైగా ఇండోనేషియా, మలేషియాలదే. మన చిన్నప్పుడు రేషన్ షాపులో ఇచ్చిన పామోలిన్ గుర్తుందిగా, ఇదీ ఆ జాతిదే.

ఇండోనేషియాలో తోటలు వేయడానికి అడవులు నరకడమే కాదు, చిత్తడి నేలల్లో కాలువలు తవ్వి నీళ్ళు తోడేశారు. వేల ఏళ్ళుగా ఆకులు అలములు మురిగి ఏర్పడిన పీట్ నేల అది. ఎండిందంటే వరిగడ్డిలా అంటుకుంటుంది. 2015లో అక్కడ నాలుగైదు నెలల్లో 26 లక్షల హెక్టార్లు తగలబడింది. పొగ సింగపూర్, మలేషియాలను కమ్మేసి బడులు మూయించింది. ఆ మంటల వల్ల ఇండోనేషియాకు 1,600 కోట్ల డాలర్ల నష్టమని ప్రపంచబ్యాంకు లెక్కగట్టింది. తోటల మీద వచ్చిన లాభం కొందరిది, పొగ మాత్రం అందరిది.

మన జేబుకూ దీనికీ సంబంధం లేదనుకోవద్దు. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. తమ దేశంలో ధర మండిపోతోందని చెప్పి. మే 23న మళ్ళీ తెరిచింది. ఆ నాలుగు వారాల్లో ప్రపంచమంతా నూనె మార్కెట్ అల్లాడింది. నెలకు ఇంత అని లెక్క కట్టుకుని ఇంటికి పంపేవాడికి నూనె డబ్బా మీద కొన్ని వందల ఫిల్స్ పెరగడం చిన్న సంగతి కాదు. రెండు దేశాల మీద లోకమంతా ఆధారపడితే ఇలాగే ఉంటుంది.

ఇక్కడో మాట న్యాయంగా చెప్పాలి. పామాయిల్ చెట్టు పాపిష్టిది కాదు. ఎకరాకు అది ఇచ్చే నూనెకు సోయా, పొద్దుతిరుగుడు, వేరుశనగ దరిదాపుల్లోకి కూడా రావు. మన ఏలూరు దగ్గర పెదవేగిలో పామాయిల్ పరిశోధన సంస్థ ఉంది. గోదావరి జిల్లాల్లో, అశ్వారావుపేట వైపు రైతులు దశాబ్దాలుగా వేస్తున్నారు. 2021లో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో పామాయిల్ మిషన్ ప్రకటించాక తెలంగాణ జిల్లాల్లోనూ తోటలు పెరిగాయి. గల్ఫ్ డబ్బుతో మొక్కలు నాటించిన ఇళ్ళూ ఉన్నాయి. మనవాళ్ళు వేసింది ఎక్కువగా వరి, చెరకు, పొగాకు పండిన పొలాల్లో. నీళ్ళ వాడకం గురించి పేచీ ఉంటే ఉండొచ్చు గానీ, పులులు తిరిగే అడవిని నరికి వేసిన తోటతో దాన్ని ఒకే గాట కట్టలేం. గ్లోబల్ కానపీ లాంటి సంస్థలు అడిగేది కూడా అదే. ఏ చెట్టు అని కాదు, ఏ నేలలో అని.

కోడి తిన్న గింజ

ఇక కోడి సంగతి. ప్రపంచంలో అన్ని దేశాల కంటే ఎక్కువగా కోడిమాంసం ఎగుమతి చేసేది బ్రెజిల్. ఇక్కడి ఫ్రీజర్లలో కనిపించే గడ్డకట్టిన కోళ్ళలో బ్రెజిల్‌వి బోలెడు. కోడికి దాణా కావాలి. దాణాలో మొక్కజొన్నతో పాటు సోయా చెక్క ఉంటుంది. ఆ సోయా పాత పొలంలో పండిందా, నిన్నమొన్నటి దాకా అడవిగా ఉన్న నేలలో పండిందా అన్నది కోడిని చూసి చెప్పలేం.

ఇది తెలుసుకోవడానికే గ్లోబల్ కానపీ, స్వీడన్‌కు చెందిన స్టాక్‌హోమ్ ఎన్విరాన్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ కలిసి 2016లో ‘ట్రేస్’ అనే ఏర్పాటు తెచ్చాయి. కార్గోలో పనిచేసేవాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. హిద్ద్‌లోని ఖలీఫా బిన్ సల్మాన్ పోర్టుకు కంటైనర్ వస్తే దాని వెంట బిల్ ఆఫ్ లేడింగ్ ఉంటుంది. ఎగుమతిదారు, దిగుమతిదారు, ఎక్కిన రేవు, దిగే రేవు అన్నీ అందులో ఉంటాయి. ట్రేస్‌వాళ్ళు చేసిందేమిటంటే ఇలాంటి ఓడల కాగితాలు, కస్టమ్స్ లెక్కలు, పన్ను రికార్డులు, గోదాముల చిరునామాలు, ఏ మండలంలో ఎంత పంట పండిందన్న లెక్కలు కుప్పపోసి ఒకదానితో ఒకటి ముడివేశారు. చివర్లో వాటిని అడవుల ఉపగ్రహ చిత్రాల పక్కన పెట్టారు. దాంతో ఫలానా కంపెనీ ఫలానా దేశానికి పంపిన సోయా బ్రెజిల్‌లో ఏ ప్రాంతం నుంచి వచ్చింది, అక్కడ ఎంత అడవి పోయింది అని చెప్పగలిగే స్థితి వచ్చింది. అంతకుముందు ‘మాకేం తెలుసు, మార్కెట్లో కొన్నాం’ అని తప్పించుకునేవాళ్ళకు ఆ దారి మూసుకుపోయింది.

కాగితాలు ఉంటే చాలదా అంటారేమో. చాలదు. గ్రిల్లు చికెన్‌కూ, షీషాకూ వాడే బొగ్గు సంగతే తీసుకోండి. సోమాలియాలో తుమ్మజాతి చెట్లు నరికి కాల్చిన బొగ్గు గల్ఫ్ దేశాలకు ఓడల్లో వచ్చేది. ఆ డబ్బులో వాటా సాయుధ ముఠాలకు పోతోందని 2012లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి దాన్ని నిషేధించింది. అయినా చాన్నాళ్ళు ఆగలేదు. వేరే దేశంలో తయారైనట్టు దొంగ సర్టిఫికెట్లు పుట్టించి గల్ఫ్ రేవుల్లో దింపారని సమితి పరిశీలకులే రాశారు. అందుకే కాగితాన్ని ఉపగ్రహంతో సరిచూసే పని.

పాస్‌బుక్ లేకుంటే లోన్ లేదు

ఇన్ని లెక్కలు కడితే అడవి ఆగుతుందా? ఆగిన రోజులున్నాయి. 2006లో పర్యావరణ సంస్థలు గట్టిగా పట్టుకోవడం, యూరప్‌లోని పెద్ద హోటల్ కంపెనీలు కూడా గొంతు కలపడంతో బ్రెజిల్ సోయా వ్యాపారులు దిగొచ్చారు. అమెజాన్‌లో కొత్తగా నరికిన నేలలోని సోయా కొనబోమని ఒప్పందం చేసుకున్నారు. అంతకుముందు అమెజాన్‌లో పెరిగిన సోయా సాగులో దాదాపు 30 శాతం అడవి నరికిన నేలలో ఉండేది. 2014 నాటికి అది ఒక శాతానికి పడిపోయింది.

అంతకంటే మనకు దగ్గరగా అనిపించేది 2008 నాటి సంగతి. అమెజాన్ ప్రాంతంలో వ్యవసాయ రుణం కావాలంటే భూమి కాగితాలు, పర్యావరణ నిబంధనలు పాటించిన రుజువు చూపాల్సిందేనని బ్రెజిల్ ప్రభుత్వం బ్యాంకులకు నిబంధన పెట్టింది. పట్టాదారు పాస్‌బుక్ లేకుండా మన ఊళ్ళో బ్యాంకు గడప తొక్కనివ్వరు చూడండి, అలాగన్నమాట. దీనికి ఉపగ్రహ నిఘా, రక్షిత ప్రాంతాలు తోడయ్యాయి. 2004లో ఏడాదికి 27,772 చదరపు కిలోమీటర్లు పోయిన అమెజాన్ అడవి, 2012లో 4,571కి తగ్గింది. తుపాకులతో కాదు, ఎక్కువగా కొనుగోలు షరతులతో, లోన్ షరతులతో, ఫైన్లతో!

తర్వాత పట్టు సడలింది. 2021లో మళ్ళీ 13,038కి ఎగబాకింది. గట్టిపరిచాక 2025లో 5,796కి దిగింది. ఆ 2006 నాటి సోయా ఒప్పందం మీదే 2025లో పేచీ మొదలైంది. వ్యాపారులంతా కలిసి ఇలా కట్టడి చేయడం పోటీ చట్టానికి విరుద్ధమని అక్కడి పోటీ నియంత్రణ అధికారులు ఆపమన్నారు. అంటే ఇది ఒకసారి గెలిచి ఇంటికెళ్ళే ఆట కాదు.

మనామా మేడలకూ తోటలకూ

బహ్రెయిన్ అంటే చమురు ఒక్కటే కాదు, బ్యాంకులు కూడా. సీఫ్‌లో, ఫైనాన్షియల్ హార్బర్ మేడల్లో అకౌంట్స్, కంప్యూటర్ పనులు చేసే తెలుగువాళ్ళు కొందరికైనా ‘సుకూక్’ అనే మాట తెలుసు. వడ్డీ కూడని ఇస్లామిక్ పద్ధతిలో అప్పు పత్రానికి బదులు ఒక ఆస్తిని ఆధారంగా చూపి, దాని అద్దెను పెట్టుబడిదారులకు పంచే పత్రం అది. ఈ తరహా లావాదేవీలకు ప్రమాణాలు రాసే అయోఫీ సంస్థ 1991 నుంచి మనామాలోనే ఉంది. బహ్రెయిన్ ప్రభుత్వం 2001లోనే సుకూక్ జారీ చేసింది.

అదే ఏడాది మలేషియాకు చెందిన కుంపులన్ గుత్రీ అనే కంపెనీ 15 కోట్ల డాలర్ల సుకూక్ తెచ్చింది. అంతర్జాతీయ మార్కెట్లో ఒక కంపెనీ తెచ్చిన తొలి సుకూక్‌గా దాన్ని చెబుతారు. ఇంతకీ ఆ కంపెనీ వ్యాపారం ఏమిటి? పామాయిల్ తోటలు! ఇండోనేషియాలో తోటల కంపెనీని కొన్న అప్పు సర్దుకోవడానికి ఆ డబ్బు. ఆ కొనుగోలు వల్ల అడవి కూలిందని మేం అనడం లేదు. ఎడారి నగరాల్లో తిరిగే పెట్టుబడికీ భూమధ్యరేఖ దగ్గర తోటలకూ బంధం కొత్తది కాదని చూపడానికే చెప్పాం. 2023లో సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ బహ్రెయిన్ ఇక్కడి బ్యాంకులు, లిస్టెడ్ కంపెనీలు పర్యావరణ, సామాజిక వివరాలతో ఏటా నివేదిక ఇవ్వాలని నిబంధనలు తెచ్చింది. ఆ నివేదికలు తయారుచేసే బల్లల దగ్గర మనవాళ్ళూ ఉంటారు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఏజెంటు ఫీజు సంగతి. గుత్రీ 2007లో సైమ్ డార్బీ అనే పెద్ద సంస్థలో కలిసిపోయింది. దాని తోటల్లో పనిచేసేవాళ్ళలో చాలామంది ఇతర దేశాల వలస కూలీలు. 2020 డిసెంబర్ 30న అమెరికా కస్టమ్స్ శాఖ ఆ తోటల కంపెనీ పామాయిల్‌ను తమ దేశంలోకి రానివ్వబోమని ఆపేసింది. వెట్టిచాకిరీ లక్షణాలు కనిపించాయన్నది కారణం. గుర్తింపు పత్రాలు లాక్కోవడం, జీతం ఆపడం, అప్పుల్లో ఇరికించడం... ఆ లక్షణాల పట్టిక చదువుతుంటే గల్ఫ్‌లో ఉన్నవాడికి ఎవరి కథో అనిపించదు. ఆ తర్వాత కంపెనీ పద్ధతులు మార్చుకుంది. ఉద్యోగం కోసం ఏజెంట్లకు కట్టిన డబ్బును కూలీలకు తిరిగి చెల్లించింది. 2023 ఫిబ్రవరిలో అమెరికా ఆ ఆంక్ష ఎత్తేసింది. ఆ కంపెనీ ఇప్పటి పేరు ఎస్‌డీ గుత్రీ.

కూలీ వెళ్ళి అడిగితే తిరిగి రాని ఏజెంటు ఫీజు, కొనేవాడు సరుకు వద్దనేసరికి వచ్చింది. గ్లోబల్ కానపీ లెక్కలన్నీ నమ్ముకున్నది ఈ కిటుకునే. ఈ పద్ధతికి పరిమితులు లేవని కాదు. మార్కులు వేయడం వాళ్ళ చేతిలో ఉంది, శిక్ష వేయడం లేదు. సున్నా వచ్చినా సిగ్గుపడని కంపెనీని ఏమీ చేయలేరు.

సిగ్గు చాలదని యూరప్ 2023లో ఏకంగా చట్టమే చేసింది. 2020 తర్వాత అడవి నరికిన నేలలో పండిన పామాయిల్, సోయా, కలప, కాఫీ, కోకో, రబ్బరు, పశువుల సరుకులు తమ మార్కెట్లోకి రాకూడదని. కానీ అమలు రెండుసార్లు వాయిదా పడింది. పెద్ద కంపెనీలకు కొత్త గడువు 2026 డిసెంబర్ 30. గల్ఫ్‌కు వచ్చే సరుకుకు ఆ చట్టం వర్తించదు. అక్కడ వద్దన్నది ఇక్కడి రేవుల వైపు తిరుగుతుందేమోనన్న అనుమానం మాకైతే ఉంది.

క్యాంపులో వంట చేసుకునేవాణ్ణి ఖరీదైన నూనె కొనమని చెప్పే ధైర్యం మాకు లేదు, అది న్యాయమూ కాదు. కానీ మనవాళ్ళందరూ వంటవాళ్ళే కాదు కదా. వేలమందికి భోజనం పంపే క్యాటరింగ్ కంపెనీల్లో స్టోర్‌కీపర్లున్నారు, పర్చేజ్ సెక్షన్‌లో కొటేషన్లు తెప్పించేవాళ్ళున్నారు. తలుపుల ఫ్రేములకు మెరంటి కలప ఆర్డరిచ్చే కార్పెంటర్ ఫోర్‌మన్లున్నారు. పామాయిల్‌కు 2004లో మొదలైన ఆర్‌ఎస్‌పీఓ సంస్థ ఇచ్చే ముద్ర, కలపకు ఎఫ్‌ఎస్‌సీ ముద్ర ఉన్నాయి. వాటి మీదా విమర్శలున్నాయి, అయినా ఏమీ లేనిదాని కంటే నయం. కొటేషన్ అడిగేటప్పుడు ‘ఆ ముద్ర ఉన్నదానికి రేటెంత?’ అని ఒక లైను కలపడానికి మేనేజర్ అనుమతి కూడా అక్కర్లేదు. ట్రేస్ సమాచారం, ఫారెస్ట్ 500 మార్కులు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మీ స్టోర్‌లో ఉన్న డబ్బా మీది కంపెనీ పేరు ఆ జాబితాలో ఉందేమో ఫోన్‌లో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.